పాడైన డర్ట్ బైక్ ఇంజిన్: కారణం పట్టుకోవడం, బాగు చేసుకోవడం ఎలా?

వానలు మొదలైతే చాలు, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి వైపు కుర్రాళ్ల నుంచి ఒకే ప్రశ్న వస్తుంది: "బండి వాగులో ఆగిపోయింది, ఇప్పుడు కిక్ కదలడం లేదు. బోర్ కిట్ (సిలిండర్ బ్లాక్, పిస్టన్, రింగులు) మారిస్తే సరిపోతుందా?" ఎండాకాలంలో ఇదే ప్రశ్న వేరే రూపంలో వస్తుంది: "మానేరు ఇసుకలో తిప్పినప్పటి నుంచి పొగ వస్తోంది, బండిలో బలం లేదు. రింగులు మార్చాలా?" రెండింటికీ నా జవాబు ఒకటే. ఏం మార్చాలని అడిగే ముందు ఎందుకు పోయిందో తెలుసుకోండి. ఆయిల్ జాలీలో చెత్త మూసుకుపోయి పిస్టన్ పట్టేసిన ఇంజిన్‌కు, ఆ జాలీ చూడకుండా కొత్త పిస్టన్ వేస్తే అది కూడా నెల తిరగకుండా పట్టేస్తుంది. డబ్బు రెండుసార్లు పోతుంది.

కింద చెప్పిన పద్ధతి ఒకే సిలిండర్, నాలుగు స్ట్రోకులు ఉన్న 150 నుంచి 250 సీసీ ఇంజిన్లకు పనికొస్తుంది. ఇంపల్స్, ఎక్స్‌పల్స్ వంటి బండ్లు, మామూలు కమ్యూటర్ ఇంజిన్‌తో సొంతంగా తయారు చేసుకున్న మట్టి బండ్లు ఈ కోవలోవే. ఆర్‌ఎక్స్ 100 లాంటి రెండు స్ట్రోకుల బండ్ల గురించి మధ్యలో విడిగా చెప్పాను. నేను ఇచ్చే కొలతలు ఇలాంటి ఇంజిన్లలో సాధారణంగా కనిపించేవి. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

బండి ఆగిన చోట చేయకూడనివి

నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టవద్దు, కిక్ కొట్టవద్దు. గేరులో వేసి తోయవద్దు, ఇంకో బండికి తాడు కట్టి లాగించవద్దు. పిస్టన్ గాలిని నొక్కగలదు కానీ నీటిని నొక్కలేదు. సిలిండర్‌లో నీళ్లు ఉండగా బలవంతంగా తిప్పితే, పిస్టన్‌ను క్రాంక్‌కు (ఇంజిన్ కింద తిరిగే ఇరుసుకు) కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పటిదాకా ప్లగ్గు విప్పి నీళ్లు తీసేస్తే సరిపోయే పని, ఆ ఒక్క ప్రయత్నంతో ఫుల్ ఇంజిన్ పని, అంటే కేసింగ్ చీల్చి క్రాంక్ దాకా విప్పే పని అవుతుంది. ట్రాలీ ఆటో మాట్లాడుకుని బండిని ఇంటికి చేర్చండి. అద్దె ఎంతైనా క్రాంక్ ఖరీదు కన్నా తక్కువే.

కావలసినవి

- రింగు పానాలు, టీ పానాలు, సాకెట్ సెట్, నోస్ ప్లయర్
- మీ బండికి సరిపోయే మాగ్నెట్ (క్రాంక్ చివర ఉండే అయస్కాంతాల చక్రం) పుల్లర్, క్లచ్ పట్టుకునే పనిముట్టు
- టార్క్ రెంచ్. ఇది లేకుండా హెడ్ (సిలిండర్ మీద వాల్వులు ఉండే భాగం) బిగించాలనుకుంటే అసలు మొదలుపెట్టకండి
- ఫీలర్ గేజ్, చిన్న అయస్కాంతం, కంప్రెషన్ గేజ్
- మైక్రోమీటర్, బోర్ గేజ్, డయల్ గేజ్. ఇవి కొనక్కర్లేదు, మంచి లేత్ షాపులో ఉంటాయి
- కిరోసిన్ లేదా డీజిల్, బట్టల సబ్బు, నూలు పోగులు రాలని తెల్ల గుడ్డలు
- కొత్త గ్యాస్కెట్ సెట్, ఆయిల్ సీళ్లు, పిస్టన్ పిన్ జారకుండా పట్టే సర్క్లిప్పులు
- తడి, దుమ్ము లేని శుభ్రమైన చోటు, మూతలున్న డబ్బాలు

విప్పే ప్రతి దశలోనూ ఫోనుతో ఫొటో తీయండి. ప్రతి భాగం బోల్టులను దాని డబ్బాలోనే వేయండి. కేసింగ్ బోల్టుల పొడవులు వేర్వేరుగా ఉంటాయి. పొట్టి బోల్టు ఉండాల్సిన చోట పొడవు బోల్టు బిగిస్తే అల్యూమినియం పగులుతుంది.

1. ముందు కడగండి, తర్వాత ప్లగ్గు విప్పండి

ఎర్రమట్టి, దమ్ము చేసిన పొలం బురద ఫిన్నుల (ఇంజిన్‌ను చల్లబరిచే రెక్కల) మధ్య గట్టిపడి ఉంటుంది. దాన్ని కడగక ముందే ఫొటో తీసుకోండి, అది సాక్ష్యం. ఫిన్నులు మూసుకుపోయి ఉంటే వేడెక్కడం వల్ల ఇంజిన్ పోయి ఉండే అవకాశం ఉంది. కడిగి ఆరబెట్టాక ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరవండి. ఫిల్టర్ తడిగా ఉందా, చిరిగిందా, పెట్టె అంచున మట్టి గీత ఉందా చూడండి. ఫిల్టర్ దాటి ఇంజిన్ వైపు వెళ్లే గొట్టంలో వేలు పెట్టి తుడవండి. వేలికి మట్టి అంటితే మీ ఇంజిన్ చావుకు సగం కారణం దొరికినట్టే.

ప్లగ్గు చుట్టూ గుంతలో ఉన్న ఇసుకను గాలితో ఊదాకే ప్లగ్గు విప్పండి. చాలామంది ఈ చిన్న పని మరచి ఇసుకను నేరుగా సిలిండర్‌లోకి జారవిడుస్తారు.

2. ఆయిల్ చెప్పేది వినండి

ఆయిల్‌ను శుభ్రమైన తెల్ల పాత్రలోకి దించండి. ఎంత వచ్చిందో కొలవండి. ఒక లీటరు ఉండాల్సిన చోట పావు లీటరు వస్తే ఇంకేమీ వెతకక్కర్లేదు, ఆయిల్ లేకే పోయింది. ఇక అది ఎటు పోయిందో చూడాలి: లీకయిందా, కాలిపోయిందా?

- పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి.
- మెరిసే పొడి ఉండి అయస్కాంతానికి అంటకపోతే అల్యూమినియం. పిస్టన్ గానీ, హెడ్‌లో క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ) కూర్చునే చోటు గానీ అరిగింది.
- అయస్కాంతానికి అంటే రేకులు ఉంటే గేర్లు, బేరింగులు లేదా రాడ్.
- బంగారు రంగు పొడి అయితే కంచు బుష్షులు.
- వేళ్ల మధ్య గరగరలాడితే మన్ను.

ఆయిల్ జాలీ, ఫిల్టర్ కూడా విప్పి చూడండి. కమ్యూటర్ ఇంజిన్లలో క్రాంక్ చివర గుండ్రటి మూత కింద తిరిగే ఫిల్టర్ ఉంటుంది. దాని గోడకు నల్లటి ముద్ద పేరుకుంటుంది. ఆ ముద్దను గోకి తెల్ల కాగితం మీద పరచి అయస్కాంతం పెట్టి చూడండి.

3. ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూడండి

ప్లగ్గు తీసేసి, టాప్ గేరులో వేసి, వెనుక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా ముందుకూ వెనక్కూ ఊపండి. నీళ్లు ఉంటే ప్లగ్గు రంధ్రంలో నుంచి చిమ్ముతాయి. ముఖం దూరంగా పెట్టుకోండి.

అసలు కదలకపోతే ప్లగ్గు రంధ్రంలో నుంచి డీజిల్, ఇంజిన్ ఆయిల్ సగం సగం కలిపి నాలుగు చెంచాలు పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు మళ్లీ ఊపండి. తుప్పుతో పట్టేసినది చాలావరకు ఇలా వదులుతుంది. అప్పటికీ కదలకపోతే పానాకు పైపు తగిలించి బలం పెట్టవద్దు. హెడ్ విప్పి పై నుంచి చూడాల్సిందే.

కదిలితే గమనించాల్సింది ఏమిటంటే, పూర్తి చుట్టులో ఏదో ఒక్కచోటే పట్టేస్తోందా, అంతటా బిగుతుగా ఉందా? ఒక్కచోటే టక్కున ఆగితే వాల్వు పిస్టన్‌కు తగులుతోంది, లేదా విరిగిన ముక్క మధ్యలో ఇరుక్కుంది. అంతటా బిగుతుగా ఉంటే పిస్టన్ లేదా క్రాంక్ బేరింగు.

4. తిరుగుతుంటే కంప్రెషన్ చూడండి

గేజ్ బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని, సూది ఆగేదాకా కిక్ కొట్టండి. థ్రాటిల్ మూసి కొడితే ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ కూడా తక్కువ చూపిస్తుంది. తర్వాత ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల ఆయిల్ రంధ్రంలో పోసి మళ్లీ కొట్టండి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు. పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్. కొన్ని ఇంజిన్లలో తేలిగ్గా స్టార్ట్ కావడానికి కంప్రెషన్ తగ్గించే ఏర్పాటు క్యామ్ మీదే ఉంటుంది. వాటిలో అంకె తక్కువే వస్తుంది కాబట్టి ఒంటరి అంకెను చూసి కంగారుపడకండి, రెండు అంకెల మధ్య తేడా చూడండి.

ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష గాలితో చేసేది. పాత ప్లగ్గులోని పింగాణీ తీసేసి, ఆ లోహపు గుల్లకు గాలి నాజిల్ వెల్డింగ్ చేయించుకోండి. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు పై అంచున నిలిపి, గేరులో వేసి, వెనుక బ్రేకు గట్టిగా పట్టుకుని, పంక్చర్ షాపు కంప్రెసర్‌తో గాలి పంపండి. క్రాంక్ మీద పానా వదిలేయవద్దు, గాలికి ఒక్కసారిగా తిరిగి చేయి విరుగుతుంది. ఇక చెవి పెట్టి వినండి. సైలెన్సర్‌లో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. కార్బురేటర్ లేదా థ్రాటిల్ బాడీ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు. ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు. హెడ్ అంచున సబ్బు నీళ్లు పూస్తే బుడగలు వచ్చాయా, గ్యాస్కెట్.

5. హెడ్, బ్లాక్ విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే విప్పాలి. పిస్టన్‌ను పైకి తెచ్చి, మాగ్నెట్ మీది టీ గుర్తు కేసింగ్ గీతకు ఎదురుగా ఉందా చూసి, క్యామ్ చక్రం గుర్తులను ఫొటో తీయండి. ఆ గుర్తులు ఇప్పుడే తప్పి ఉంటే టైమింగ్ చైన్ పళ్లు దూకింది, వాల్వులు వంగి ఉండవచ్చు. ముందు చైన్ టెన్షనర్ విప్పి, ఆ తర్వాతే క్యామ్ చక్రం తీయండి. చైన్ లోపలికి జారకుండా తీగతో కట్టండి. హెడ్ నట్లను ఎదురెదురుగా, ఒక్కొక్కటి పావు చుట్టు చొప్పున వదులు చేయాలి. ఒక మూల మొత్తం విప్పేసి ఇంకో మూలకు వెళితే హెడ్ వంకర తిరుగుతుంది.

బ్లాక్ లేపేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో ఎత్తవద్దు. చెక్క ముక్క పెట్టి సుత్తితో చిన్నగా తట్టండి. బ్లాక్ బయటికి రాగానే క్రాంక్‌కేసు నోటిలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. సర్క్లిప్పు ఎగిరి లోపల పడిందంటే ఇంజిన్ మొత్తం విప్పాలి. పిస్టన్ పిన్ బిగుతుగా ఉంటే వేడి నీళ్లలో ముంచిన గుడ్డను పిస్టన్‌కు చుట్టి రెండు నిమిషాలు ఆగండి. పక్క నుంచి సుత్తితో కొడితే రాడ్ వంగుతుంది.

6. పిస్టన్ గీతలు చదవడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం మీరు ఇక్కడే గడపాలి. పాత పిస్టన్‌ను తుడిచి, ఎండలో పట్టుకుని, చుట్టూ తిప్పి చూడండి. గీతలు ఎక్కడ ఉన్నాయన్నదాన్ని బట్టి కారణం తెలుస్తుంది.

ఎగ్జాస్ట్ వైపు మాత్రమే మెరుస్తూ లోతుగా రాసుకున్న గుర్తులు ఉంటే వేడి ఎక్కువైంది, లేదా ఆయిల్ చాల్లేదు. బురదతో మూసుకున్న ఫిన్నులు, ఆయిల్ పంపు, జాలీ చూడండి.

నాలుగు మూలలా, అంటే పిన్‌కు రెండు వైపులా సమానంగా గీతలు ఉంటే చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన వెంటనే గట్టిగా తిప్పారు. పిస్టన్ తొందరగా వేడెక్కి ఉబ్బింది, సిలిండర్ ఇంకా చల్లగానే ఉంది. బోరింగ్‌లో (సిలిండర్ లోపలి గోడను కోసి కాస్త పెద్దది చేయడంలో) పిస్టన్‌కు సందు తక్కువ వదిలినా ఇవే గుర్తులు వస్తాయి. ఇటీవలే బోరింగ్ చేయించి ఉంటే ముందు అదే అనుమానించండి.

ఇన్‌టేక్ వైపు మెరుపు లేకుండా బూడిద రంగులో, సన్నటి నిలువు గీతలు దగ్గర దగ్గరగా ఉంటే దుమ్ము. పిస్టన్ గోడ ఎమరీ కాగితంతో రుద్దినట్టు కనిపిస్తుంది. రింగులు బ్లేడులా పదునెక్కి ఉంటాయి. మన దగ్గర పోయే మట్టి బండ్లలో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే. ఎర్ర చెలకల దుమ్ము, భూపాలపల్లి, గోదావరిఖని రోడ్ల బొగ్గు పొడి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల పొడి, ఏదైనా సరే ఫిల్టర్ అంచున చిన్న సందు దొరికితే చాలు.

పైభాగంలో రంధ్రం పడితే, లేదా అంచు కరిగి తినేసినట్టు ఉంటే గాలి, పెట్రోల్ మిశ్రమంలో పెట్రోల్ తక్కువైంది, లేదా ప్లగ్గు సరిపోలేదు. గాలి లీకు, మూసుకున్న జెట్టు (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం), బండికి చెప్పిన వేడి రకం కాని ప్లగ్గు, ఈ మూడూ చూడాలి.

పైభాగంలో నెలవంక ఆకారపు దెబ్బలు ఉంటే వాల్వు తగిలింది. అప్పుడు టైమింగ్ చైన్, టెన్షనర్, గైడు మూడూ మార్చాలి.

ఇక్కడిదాకా చదివాక ఒక కాగితం మీద ఒకే ఒక్క వాక్యం రాయండి: "ఇంజిన్ పోవడానికి కారణం ఇది." ఆ వాక్యం రాయలేకపోతే సామాన్ల షాపుకు వెళ్లవద్దు. మళ్లీ ఆయిల్, ఫిల్టర్, పిస్టన్ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఆర్‌ఎక్స్ 100 వంటి రెండు స్ట్రోకుల బండ్లకు ఇదే తర్కం వర్తిస్తుంది. అదనంగా క్రాంక్ సీళ్లు చూడాలి. మాగ్నెట్ వైపు సీలు పోతే అక్కడి నుంచి గాలి లోపలికి పీల్చుకుని మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. 1996లో తయారీ ఆగిపోయిన బండ్లు కాబట్టి వాటిలో అసలు సీళ్లు ఎండి గట్టిపడి ఉంటాయి. ఇంజిన్ కూర్చాక ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ నోళ్లు రబ్బరుతో మూసి, 0.4 కేజీ ఒత్తిడి మాత్రమే పంపి, కొన్ని నిమిషాలు నిలుస్తుందో లేదో చూడండి. పడిపోతుంటే సబ్బు నీళ్లతో వెతకండి. ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్‌లో చేత్తో కలిపేవారు కొలత పాత్ర లేకుండా కలపవద్దు.

7. క్రాంక్ బాగుందా? హాఫ్ ఇంజినా, ఫుల్ ఇంజినా?

హెడ్, బ్లాక్, పిస్టన్ వరకే చేసే పనిని హాఫ్ ఇంజిన్ అంటారు. అది చాలా, ఫుల్ ఇంజిన్ కావాలా అని తేల్చడానికి రాడ్‌ను పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగండి. అటూ ఇటూ పక్కకు కొద్దిగా జరగడం మామూలే. నిలువుగా మాత్రం చేతికి తెలిసేంత కదలిక అసలు ఉండకూడదు. టక్ మని చిన్న శబ్దం వచ్చినా ఫుల్ ఇంజిన్ విప్పాలి. ఆయిల్‌లో ఉక్కు రేకులు వచ్చి ఉంటే, గీతలు పడే స్థాయిలో మన్ను వచ్చి ఉంటే రాడ్ బిగువుగా అనిపించినా విప్పాలి. ఆ మన్ను బేరింగుల్లో ఉంటుంది, కొత్త పిస్టన్‌ను అదే తినేస్తుంది.

నీళ్లలో ఆగిన బండికి ఇంకో పరీక్ష ఉంది. పిస్టన్‌ను రాడ్‌కు తగిలించి, బ్లాక్ పెట్టకుండా, పిస్టన్ కింది అంచును క్రాంక్‌కేసు ముఖం మీదికి దించండి. రెండు వైపులా ఒకేసారి తగలాలి. ఒక వైపు కాగితం దూరేంత సందు ఉంటే రాడ్ వంగింది. వంగిన రాడ్‌ను సరిచేయించవద్దు, మార్చండి.

కేసింగ్ చీల్చాక బేరింగులను కిరోసిన్‌తో కడిగి, ఆరాక వేలితో నెమ్మదిగా తిప్పండి. కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పవద్దు. గరగర తగిలితే మార్చాలి. కొత్తది కొనేటప్పుడు పాత బేరింగు మీది అంకె ఒక్కటే చూపితే చాలదు, దాని పక్కన సీ3 అనే గుర్తు ఉంటే అది కూడా చూసి తీసుకోండి. ఆ గుర్తు ఉన్నవాటిలో లోపలి సందు కొంచెం ఎక్కువ ఉంటుంది, వేడిలో బిగుసుకోవు. కొత్త బేరింగు కూర్చోబెట్టడానికి కేసింగ్‌ను ఓవెన్‌లో సుమారు 100 డిగ్రీలకు వేడి చేసి, బేరింగును ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో ఉంచి వేస్తే దానంతట అదే జారుతుంది. గ్యాస్ మంటతో ఒకేచోట వేడి చేస్తే కేసింగ్ వంకరపోతుంది.

రాడ్ కిట్ మార్చడానికి హైడ్రాలిక్ ప్రెస్సు, ఆ తర్వాత క్రాంక్‌ను సూటిగా నిలపడానికి డయల్ గేజ్ ఉన్న షాపుకే ఇవ్వండి. పని అయ్యాక మీ కళ్లముందే గేజ్ పెట్టి తిప్పించుకోండి. సూది 0.05 మిల్లీమీటర్ దాటి ఊగితే తీసుకోవద్దు.

8. లేత్ పని మీద కన్ను వేసి ఉంచండి

బ్లాక్ లోపల అయస్కాంతం పెట్టి చూడండి. అంటితే ఇనుప లైనర్, బోరింగ్ చేయించవచ్చు. అంటకపోతే అల్యూమినియం మీద గట్టి పూత వేసిన రకం. దాన్ని మామూలు బోరింగ్ చేయిస్తే పూత పోయి బ్లాక్ వృథా అవుతుంది. కొత్త బ్లాక్ కొనాలి, లేదా మళ్లీ పూత వేయించాలి.

ఇనుప లైనర్ అయితే ఓవర్‌సైజు పిస్టన్లు సాధారణంగా 0.25 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ దొరుకుతాయి. ముందు పిస్టన్ కొనండి, తర్వాత ఆ పిస్టన్‌తో సహా బ్లాక్‌ను వరంగల్ ఆటోనగర్‌లో గానీ, మీ ఊళ్లో నమ్మకమైన లేత్ షాపులో గానీ ఇవ్వండి. పిస్టన్ చూడకుండా అంకె ప్రకారం కోసేస్తామంటే ఆ షాపులో ఇవ్వవద్దు. పిస్టన్‌ను దాని పిన్‌కు అడ్డంగా, కింది అంచుకు దాదాపు 10 మిల్లీమీటర్ల పైన కొలవాలి. బోరును పైన, మధ్యన, కింద, ఒక్కోచోట రెండు దిక్కులా, మొత్తం ఆరు కొలతలు తీయాలి. గాలి చల్లబరిచే ఇంజిన్లలో సందు ఎక్కువగా 0.03 నుంచి 0.05 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

మే నెలలో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలకు చేరుతుంది. బ్లాక్ నీడలో, పిస్టన్ ఎండ పడే బల్ల మీద ఉంటే రెండింటి వేడిలో 20 డిగ్రీల తేడా తేలిగ్గా వస్తుంది. 66 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ 20 డిగ్రీలకు దాదాపు 0.03 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. అంటే మీరు కొలవబోయే సందు అంతా ఆ తేడాలోనే మాయమవుతుంది. రెండూ ఒకేచోట గంటసేపు ఉంచాకే కొలవమనండి.

బోరింగ్ తర్వాత హోనింగ్ (బోరు గోడను రాపిడి రాళ్లతో రుద్దడం) తప్పనిసరి. లోపల గీతలు ఒకదానినొకటి కోసుకుంటూ వాలుగా కనిపించాలి. అద్దంలా నున్నగా ఉంటే రింగులు కూర్చోవు, పొగ ఆగదు.

ఇంటికి తెచ్చాక బోరును వేడి నీళ్లు, బట్టల సబ్బు, బ్రష్షుతో కడగండి. పెట్రోల్‌తో తుడిస్తే రాపిడి పొడి గీతల్లోనే ఉండిపోతుంది. ఆయిల్ అద్దిన తెల్ల గుడ్డతో తుడవండి, గుడ్డ బూడిద రంగుకు మారితే మళ్లీ కడగండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఇదే పని. తెల్లగా రాగానే ఆయిల్ పూయండి, లేకపోతే గంటలోనే తుప్పు పడుతుంది.

రింగును బోరులో పెట్టి, పిస్టన్‌తో తిన్నగా కిందికి నెట్టి, చివరల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడండి. 0.15 నుంచి 0.30 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సాధారణంగా మంచిదే. 0.50 చేరితే ఆ రింగు గానీ బోరు గానీ పనికిరాదు.

9. హెడ్, వాల్వులు, పగిలిన కేసింగ్

హెడ్ ముఖం మీద ఉక్కు స్కేలును నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి 0.05 ఫీలర్ దూరుతుందా చూడండి. దూరితే మందపాటి గాజు పలక మీద 400 నంబరు నీటి ఎమరీ పరచి, ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతూ సమం చేయండి.

వాల్వుకు గ్రైండింగ్ పేస్టు పూసి రుద్దాక, హెడ్‌ను తిరగేసి, వాల్వులున్న గుంతలో (దహన గదిలో) కిరోసిన్ పోయండి. పది నిమిషాల్లో చుక్క కూడా కారకూడదు. విదేశీ మోటోక్రాస్ బండ్లలో కొన్నిటికి టైటానియం వాల్వులు ఉంటాయి, వాటిని పేస్టుతో రుద్దవద్దు, పై పూత పోతుంది. వాల్వు సీళ్లు ఎలా ఉన్నా మార్చండి, వాటి ఖరీదు చాలా తక్కువ.

రాయి తగిలి పగిలిన కేసింగ్‌ను ఆర్గాన్ వెల్డింగ్ చేయించవచ్చు. పగులు చివరల్లో చిన్న రంధ్రాలు వేయించి, ఆయిల్ జిడ్డు పూర్తిగా పోయేలా కడిగి ఇవ్వాలి. బేరింగు కూర్చునే గుంత మీదుగా పగులు వెళితే వెల్డింగ్ నమ్మవద్దు, కేసింగ్ మార్చండి. మరలు పోయిన రంధ్రాలకు హెలికాయిల్ (కొత్త మరలుగా పనిచేసే తీగ చుట్ట) వేయించండి. జిగురు పెట్టి బిగించడం నాలుగు రోజుల ముచ్చటే.

10. కూర్చడం

కొత్త గ్యాస్కెట్ పెట్టే ముందు దానిలోని ఆయిల్ రంధ్రం బ్లాక్ రంధ్రానికి ఎదురుగా ఉందా చూడండి. తిరగేసి పెడితే హెడ్‌కు ఆయిల్ అందదు. సిలికాన్ పేస్టు ఎక్కువ పూయకండి. లోపలికి పిండుకున్న ముక్కలు రాలి ఆయిల్ జాలీలో చేరతాయి. బాగు చేసిన ఇంజిన్ మళ్లీ పట్టేయడానికి ఇది తరచుగా కనిపించే కారణం.

రింగుల మీద అక్షరం ఉన్న వైపు పైకి రావాలి. రింగుల నోళ్లు ఒకదాని కింద ఒకటి రాకుండా 120 డిగ్రీల దూరంలో పెట్టండి. పిస్టన్ మీది బాణం లేదా గుర్తు మాన్యువల్ చెప్పిన వైపే ఉండాలి. సర్క్లిప్పులు కొత్తవే వేయండి. క్లిప్పు నోరు పిస్టన్ మీది గాడి దగ్గరకు రాకూడదు. హెడ్ నట్లను ఎదురెదురుగా, మూడు విడతలుగా, టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పిన అంకెకు చేర్చండి.

టైమింగ్ దగ్గర తప్పు చేసేవారు ఎక్కువ. మాగ్నెట్ మీద టీ, ఎఫ్ అని రెండు గుర్తులు ఉంటాయి. ఎఫ్ అనేది మంట పుట్టే క్షణానిది, దాన్ని పట్టుకుని చైన్ వేయవద్దు. టీ గుర్తునే గీతకు ఎదురుగా తేవాలి. క్యామ్ చక్రం గీతలు హెడ్ ముఖానికి సమాంతరంగా రావాలి. టెన్షనర్ బిగించాక క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూడండి. మధ్యలో గట్టిగా తగిలితే ఆగి వెనక్కి వెళ్లండి, బలం పెట్టవద్దు. గుర్తులు సరిపోయాకే ట్యాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) పెట్టండి.

11. మొదటి స్టార్ట్

ట్యాంకులో నీళ్లు చేరిన పెట్రోల్ ఉంటే పూర్తిగా దించేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ కొంత నీటిని తనలో కలుపుకుంటుంది, ఆ తర్వాత నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. పైకి చూస్తే తేటగానే ఉంటుంది.

జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తున్న బైక్ ఆయిలే పోయండి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ప్లగ్గు తీసేసి, దాన్ని క్యాపుకు తగిలించి ఇంజిన్ లోహానికి ఆనించి, ఇంజెక్షన్ బండి అయితే ఇంజెక్టర్ కనెక్టర్ కూడా ఊడదీసి, హెడ్ మూత తెరిచి కిక్ కొడుతూ ఉండండి. క్యామ్ దగ్గరకు ఆయిల్ వచ్చిందని కంటితో చూసేదాకా స్టార్ట్ చేయవద్దు. ఎంతకూ రాకపోతే పంపు, గ్యాస్కెట్ రంధ్రం, జాలీ మళ్లీ చూడాలి.

స్టార్ట్ అయ్యాక మూడు నాలుగు నిమిషాలు కొద్దిగా రేస్ మారుస్తూ నడిపి ఆపేయండి. పూర్తిగా చల్లారనివ్వండి. లీకులు, ఆయిల్ మట్టం, ట్యాపెట్లు చూసి మళ్లీ నడపండి. కూర్చేటప్పుడు పూసిన ఆయిల్ కాలి మొదటి నిమిషాల్లో పొగ వస్తుంది, అది భయపడాల్సిన విషయం కాదు.

12. మొదటి 500 కిలోమీటర్లు

హనుమకొండ నుంచి ములుగు వెళ్లే రోడ్డు లాంటిది ఇందుకు బాగుంటుంది. వేగం మారుస్తూ, ఎక్కువ గేరులో బండిని ఈడ్చకుండా, సగం థ్రాటిల్ దాటకుండా నడపండి. ఇసుక, బురద, వాగులు అప్పటిదాకా వద్దు. మొదటి 50 నుంచి 100 కిలోమీటర్లలోపే ఆయిల్ దించి తెల్ల పాత్రలో చూడండి. సన్నటి మెరుపు కొద్దిగా ఉంటుంది. రేకులు ఉంటే ఆపి విప్పాలి. 500 దగ్గర మళ్లీ మార్చండి.

ఆ తర్వాత కూడా కనిపించే లక్షణాలు:

- థ్రాటిల్ తెరిచినప్పుడు నీలం పొగ: రింగులు కూర్చోలేదు, లేదా తిరగేసి వేశారు.
- థ్రాటిల్ మూసి దిగుడులో వచ్చి మళ్లీ తెరవగానే నీలం పొగ: వాల్వు సీళ్లు.
- చల్లగా ఉన్నప్పుడు టక టక, వేడెక్కాక తగ్గడం: పిస్టన్ సందు ఎక్కువ.
- హెడ్ దగ్గర టిక్ టిక్: ట్యాపెట్లు, లేదా టెన్షనర్.
- బరువు పడినప్పుడు లోపలి నుంచి లోతైన దెబ్బలు: రాడ్. వెంటనే ఆపండి, ఇంటిదాకా కూడా నడపవద్దు.

ఫిల్టర్ పెట్టె అంచుకు గ్రీజు పలచగా పూసి మూయండి. ఫోమ్ ఫిల్టర్‌ను సబ్బు నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ పట్టించి పిండండి, పొడిగా వేస్తే సన్నటి దుమ్ము ఆగదు. మట్టిలో తిరిగి వచ్చిన ప్రతిసారీ ఫిల్టర్ తర్వాతి గొట్టంలో తెల్ల గుడ్డ చుట్టిన వేలితో తుడవండి. గుడ్డకు ఎర్రగా అంటితే ఆ సందు ఎక్కడుందో దొరికేదాకా బండి తీయకండి.